బడి నేల మీద నది గల్లీ

ఆగస్టు నెల చివరి శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఒక ముసలామె గోనెగుడ్డ పీలికను తెల్లమట్టి నీళ్లలో ముంచి, బడి వరండా నేల మీద మొదటి గీత గీసింది. నా వాచీ అప్పట్లో రెండు నిమిషాలు ముందు నడిచేది. అది తీసేసి చెబుతున్నాను. సంవత్సరం మాత్రం రాయను. సంవత్సరం రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే మనుషులు తెలుస్తారు. రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయిన కొన్నేళ్లకు, మా ఆఫీసులో ఫోటోలు ఇంకా రీలు మీదే తీస్తున్న రోజుల్లో జరిగింది. అంతవరకు చాలు.

వరద వచ్చింది దానికి పదకొండు రోజుల ముందు, సోమవారం. నేను చెప్పబోయేది వరద గురించి కాదు. వరదను నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు తగ్గాక వెళ్లేదాన్ని. మా విభాగం పనే అది. అయిదుగురం మనుషులం, రెండు గదులు, ఒక జీపు. నీళ్లో నిప్పో వచ్చి పోయాక ఎవరికి ఏం పోయింది, వాళ్లు మళ్లీ ఎక్కడ ఉండాలి, ఆ ఇళ్లు ఎలా ఉండాలి అని ప్రణాళిక వేసేవాళ్లం. అందులో లెక్కలు సరిచూడటం నా వంతు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే గార్డుగా వచ్చి రాయపూర్‌లో ఉండిపోయాడు. నేను పుట్టింది ఇక్కడి రైల్వే క్వార్టర్లలోనే. లెక్క తప్పితే నాన్న కొట్టేవాడు కాదు, ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. అందుకే కాబోలు, కుదరని లెక్క ఎదురైతే నాకు ఇప్పటికీ ఇంట్లో ఎవరో అలిగి కూర్చున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు డ్రోన్లు ఉన్నాయి. పై నుంచి తీసిన పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెడితే ఏ కప్పు పోయిందో తెలిసిపోతుంది. మాకు టేపు, ఫారం, మనుషుల మాట మాత్రమే ఉండేవి. ఆ మూడింటిలో నేను మొదటి రెండింటినే నమ్మేదాన్ని. ఇది ఎందుకు రాస్తున్నానంటే, మీరు కూడా ఆ రెండింటినే నమ్ముతారని నా అనుమానం.

ఊరు ధర్సీవా దాటాక, ఖారూన్ నది ఒడ్డున. మూడు గల్లీలు. పై రెండు గల్లీల్లో ఇళ్లు సగం సగం పడ్డాయి. సగం పడిన ఇంటితో పేచీ లేదు. నిలబడిన గోడ ముందు ఇంటివాళ్లను నిలబెట్టి ఫోటో తీస్తే అయిపోతుంది. ఒడ్డును ఆనుకున్న మూడో గల్లీని అక్కడివాళ్లు నది గల్లీ అనేవాళ్లు. అది మొత్తంగా లేదు. కొంత పోయినవాడికి సాక్ష్యం ఉంటుంది. అంతా పోయినవాడికి సాక్ష్యం కూడా పోతుంది. మా ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి విచిత్రం అది.

గల్లీకి ఒక చివర చేతిపంపు సిమెంటు గట్టు, రెండో చివర రాతి బావి గట్టు మిగిలాయి. మధ్యలో ఇసుక, ఇస్తిరీ చేసి పరిచిన దుప్పటిలా. ఒక్క పెంకు ముక్క లేదు. ఎండ పడితే ఆ ఇసుక మీద నుంచి సన్నగా ఆవిరి లేచేది, ఎక్కడో ఎవరో పొయ్యి అంటించినట్టు. మొదటి ఇల్లు పంపు గట్టును ఆనుకుని ఉండేదని, చివరిది బావి గట్టును ఆనుకుని ఉండేదని అందరూ ఒకే మాట చెప్పారు. రెండు గట్ల మధ్య టేపు పట్టించాను. రెండు వందల డెబ్బై ఆరు అడుగులు. అక్కడివాళ్ల కొలత మూర. మూరల్లో నూట ఎనభై నాలుగు.

మా పెద్దాయన, అంటే విభాగానికి అధికారి అయిన ఇంజినీరు, ఊరికి ఎగువన ఎత్తైన నేల సంపాదించి పెట్టాడు. నది గల్లీలో ఇల్లు ఉండేదని తేలిన ప్రతి కుటుంబానికీ అక్కడ స్థలం, రెండు గదుల ఇల్లు. తేలకపోతే ఏమీ లేదు. తేల్చవలసింది నేను. కాగితం ఉన్నవాళ్లు కాగితం చూపాలి. లేనివాళ్లకు ఇరుగుపొరుగు ఇద్దరు చెప్పాలి, ఆ చెప్పింది నా కొలతకు సరిపోవాలి. ఈ రెండో షరతు నేను చేర్చిందే.

గల్లీ జనం బడిలో తలదాచుకున్నారు. ఆ శుక్రవారం నేను వరండాలో కూర్చుని "ఎవరి పక్కన ఎవరు?" అని అడిగాను. అందరూ ఒక్కసారి మాట్లాడారు. నేను రాసి కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. అప్పుడొక ముసలామె, డెబ్బై ఏళ్లుంటాయి, ఆయాసపు మనిషి, నా చేతిలో పెన్సిలు పట్టుకుంది.

"నోనీ, నోటితో చెబితే ఇల్లు కనిపిస్తుందా? ఉండు, గీస్తాను" అంది.

నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మాయీ అని. నాకప్పటికి యాభై దగ్గరపడ్డాయి. నాతో వచ్చిన, పటాలు గీసే మా డ్రాఫ్ట్స్‌మన్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

పండగలకు ముగ్గు బియ్యప్పిండితో వేస్తారు. ఆ రోజుల్లో పిండి కడుపుకే చాలదు. అందుకని ఛుహీ తెచ్చారు. గోడలకు పూసే తెల్లమట్టి. చెరువు గట్టు దగ్గర దొరుకుతుంది. ముసలామె తన ఇంటి గోడ గీసింది, గుమ్మం దగ్గర గీత ఆపి మళ్లీ మొదలుపెట్టింది. పక్కింటావిడ వచ్చి ఆ గోడ దగ్గర నుంచి తన ఇల్లు అందుకుంది. ఆవిడ ఆపిన చోట ఇంకొకావిడ. గంటన్నరలో పద్నాలుగు ఇళ్లు వరండా చివరిదాకా పాకి, తలుపు దాటి పెద్ద గదిలోకి వెళ్లాయి. ఎవరి దూలం ఎటు వాలి ఉండేదో, ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలిచేవో, ఏ మూల కోడి గుడ్లు పెట్టేదో, అన్నీ గీశారు. తొమ్మిదో ఇల్లు దాటాక నాలుగు మూరల సందు. పశువులు నదికి దిగే దారి. ఆ సందు గీసినప్పుడు ఎవరో "జాగ్రత్త, పేడ ఉంటుంది" అన్నారు. ఒకామె నిజంగానే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటింది. ఎవరూ నవ్వలేదు.

బయట సన్నగా వాన పడుతోంది. లోపల వెలుతురు పాలు కలిపిన నీళ్లలా ఉంది. నేను చెప్పులు విప్పి ఆ గల్లీలో నడిచాను. పెద్ద అడుగులు వేస్తే ఇరవై ఆరు అడుగుల్లో అయిపోయే గల్లీ. కానీ ఇంటింటి దగ్గరా ఎవరో ఒకరు "రా దీదీ, కూర్చో" అంటున్నారు. అరగంట పట్టింది.

ఒంటిగంటకు ముసలామె తోడికోడలు వచ్చింది. భర్త పోయిన మనిషి, నలభై అయిదేళ్లు, తడిసిన కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని. తను లేనప్పుడే తన ఇల్లు గీసేశారు. పెద్దామె తన ఇంటి పక్కనే గీసి పెట్టింది. ఆమె మోపు బయట దించి, తన గుమ్మం గీత దగ్గర ఆగి, తల వంచి లోపలికి వెళ్లింది. పైన ఏమీ లేదు, బడి కప్పు పన్నెండు అడుగుల ఎత్తున ఉంది. అయినా తల వంచింది. వెళ్లి ఒక మూల గొంతుక్కూర్చుంది. పొయ్యి అక్కడ కాబోలు.

మా డ్రాఫ్ట్స్‌మన్ హెడ్‌మాస్టర్ గారి బల్ల ఎక్కి వరండానూ పెద్ద గదినీ ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీశాడు. నేను ఇంటింటికీ తిరిగి ఫారం నింపాను. ఆ ఫారం నేను తయారు చేసిందే. దాని మీద నాకు కాస్త గర్వం. ఎడమ గోడ, కుడి గోడ, ముందు, వెనుక, దేనికదే విడి గడి. గోడలతో కలిపి ఇల్లు ఎన్ని మూరల వెడల్పని అడిగితే ఒక్కరూ తడుముకోలేదు. వాసాలూ పెంకులూ మూరల లెక్కన కొనేవాళ్లు, మరిచిపోరు. సాయంత్రం అయిదున్నరకు మేం జీపు ఎక్కేసరికి జనం పక్కలు పరుచుకుంటున్నారు. ఎవరి గీతల్లో వాళ్లు. గదిలో గోడ వార చోటు ఖాళీగా ఉన్నా ఎవరూ ఇంకొకరి ఇంట్లో పడుకోలేదు.

ఆదివారం ఇంటి దగ్గర కూడాను. పద్నాలుగు ఇళ్లూ కలిపి నూట తొంభై రెండు మూరలు. సందు నాలుగు. మొత్తం నూట తొంభై ఆరు. గట్టు నుంచి గట్టుకు నా టేపు చెప్పింది నూట ఎనభై నాలుగు. పన్నెండు మూరలు ఎక్కువ. ఏడుసార్లు కూడాను, కింద నుంచి పైకి, పై నుంచి కిందికి. పన్నెండే.

ఏ కాగితమూ లేని ఇల్లు ఒక్కటే ఉంది. ఆ చిన్న తోడికోడలిది. రేషన్ కార్డులో ఆమె పేరు పెద్దామె కుటుంబంలోనే ఉంది. ఆమె ఇంటి వెడల్పు పన్నెండు మూరలు.

నాకు బాధ కలగలేదు. నిజం చెబుతున్నాను. లెక్క తన తప్పును తనే చూపించిందని తృప్తి కలిగింది. పాపం ఒంటరి ఆడది, ఆమె కోసం అందరూ కూడబలుక్కుని ఒక ఇల్లు ఎక్కువ గీశారు, అంతే అనుకున్నాను. పెన్సిలుతో ఆ పేరు మీద ఒక గీత పెట్టాను.

సోమవారం పెద్దాయన గదిలో ఫైలు పెడితే, ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"మేడమ్‌జీ, పద్నాలుగు ఇళ్లలో ఒకటి అటూ ఇటూ. రహనే దీజియే. ఉండనివ్వండి."

"అటూ ఇటూ కాదు సార్. సరిగ్గా పన్నెండు మూరలు. ఆవిడ ఇల్లూ పన్నెండే."

"మీ లెక్క ఎప్పుడూ తప్పదా?"

"తప్పితే చూపించండి సార్."

ఆయన చూపించలేకపోయాడు. సంతకం పెట్టాడు. పెట్టి, కలం మూత పెట్టకుండానే ఫైలు నా వైపు జరిపాడు.

మా డ్రాఫ్ట్స్‌మన్‌ది పలాస వైపు రైల్వే కుటుంబం. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మా వైపు అక్కను అప్ప అంటారు, అతను ఆఫీసులో కూడా నన్ను అలాగే పిలిచేవాడు.

"ఏటప్పా, అంతమంది ఒక్కమాట మీదుంటే నీ టేపు ఒక్కటీ అడ్డం పడిపోతోందేటి?" అన్నాడు.

"అంతమందికీ జాలి ఉంది. టేపుకి లేదు."

"అదే కదా నాను సెప్తోంది" అని తన బల్ల దగ్గరకు పోయాడు.

మంగళవారం బడిలో జాబితా చదివాను. పదమూడు పేర్లు. చదవడం అయ్యాక చిన్నామె తన గీతల్లోంచే అడిగింది.

"దీదీ, నా పేరు దాటేశావా?"

"నీ పేరు మీ అక్క కుటుంబంలో ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు."

"పొయ్యిలు రెండు."

"పొయ్యి రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

"నా ఇల్లు ఎన్ని మూరలని రాసుకున్నావు?"

"పన్నెండు."

"హవ్, అవును. సరిగ్గానే రాసుకున్నావు" అంది. అని నవ్వింది కూడా.

పెద్దామె గోడకు ఆనుకుని ఆయాసపడుతూ లేచింది. "నోనీ, మా ఆయన, ఆయన తమ్ముడు పంచుకున్నప్పుడు నేను చూశాను. ఈ గోడకి అటువైపు మనిషి ఉంది."

"సాక్ష్యం కావాలమ్మా."

"నేనే కదా సాక్ష్యం. ఇంకా బతికే ఉన్నాను."

నాకు కోపం వచ్చింది. రూలు అర్థం కాని వాళ్లంటే నాకు వచ్చే కోపమే. కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండున్నరకు చిన్నామె ఒక గిన్నె, రెండు చీరలు మూట కట్టుకుంది. బీర్‌గావ్‌లో ఆమె తమ్ముడు ఫ్యాక్టరీ కూలీ. అక్కడికి పోయి రైస్‌మిల్లులో ఊక ఊడ్చే పని చూసుకుంటానంది. పెద్దామె కోడలు "ఎందుకు అత్తా, మా దాంట్లో సర్దుకుందాం" అంటే, "ఒకరి గీతల్లో ఇద్దరం ఎలా పడుకుంటాం?" అంది. జీపు ఆ దారినే పోతుంది, ఎక్కమన్నాను. బస్సులో పోతానంది. ధర్సీవా బస్సు కోసం వానలో గొడుగు లేకుండా నిలబడింది. మేం ఆమె పక్క నుంచే వెళ్లాం. నేను ముందు సీట్లో ఫారాలు తడవకుండా కొంగు కప్పి పట్టుకున్నాను.

తర్వాతి రెండు వారాలు వేరే ఊళ్ల పని. మా ఆఫీసులో రీలు మొత్తం అయిపోతే తప్ప స్టూడియోకి పంపకూడదు, అదొక పొదుపు సూత్రం. ఇంకో ఊరి ఫోటోలతో ముప్పై ఆరూ నిండేసరికి ఆలస్యమైంది. బుధవారం, గీతలు గీసిన పంతొమ్మిదో రోజున, ప్రింట్లు వచ్చాయి. డ్రాఫ్ట్స్‌మన్ వాటిని వరసగా బల్ల మీద అతికించుకుని పాత గల్లీ నక్షా తయారుచేస్తున్నాడు. మధ్యాహ్నం మూడింటికి కేక వేశాడు.

"అప్పా, ఇలా రా. ఈ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఎన్ని గీతలున్నాయో లెక్కెట్టు."

"ఒకటి."

"ఇక్కడో?"

"ఒకటి."

"నీ ఫారంలో ఎన్నున్నాయి?"

ఫారం తీసి చూశాను. నా ఫారంలో ప్రతి ఇంటికీ ఎడమ గోడ ఒక గడి, కుడి గోడ ఒక గడి.

"గోడ ఒక్కటే అప్పా. ఇటు పక్క ఈవిడ పూస్తాది, అటు పక్క ఆవిడ పూస్తాది. నాదే అని ఈవిడ సెప్పింది, నాదే అని ఆవిడ సెప్పింది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఒక్క గోడని నువ్వు రెండుమార్లు కొలిసినావు."

అక్కడి మట్టిగోడ మందం ఒక మూర. నాకు తెలుసు, పై గల్లీల్లో నేనే కొలిచాను. సందుకు ఇటు తొమ్మిది ఇళ్లు, వాటి మధ్య ఉమ్మడి గోడలు ఎనిమిది. అటు అయిదు ఇళ్లు, గోడలు నాలుగు. పన్నెండు గోడలు. పన్నెండు మూరలు. ఆమె ఇంటి వెడల్పు కూడా పన్నెండే కావడం ఉత్త కాకతాళీయం. ఆ కాకతాళీయాన్నే నేను రుజువు అనుకున్నాను.

"పోనీలే అప్పా. టెన్షన్ మత్ లో, బెంగెట్టుకోకు. లెక్క కుదిరింది కదా" అన్నాడతను మెల్లగా.

కుదిరింది. జన్మలో మొదటిసారి, కుదిరిన లెక్క చూసినా నాకు ఇంట్లో ఎవరో అలిగి కూర్చున్నట్టే ఉంది. ఆ నేల మీద నేను చెప్పులు విప్పి నడిచాను. గీతలు దాటుకుంటూ నడిచాను. ఒక్కొక్క గీతే దాటాను. రెండేసి దాటలేదు. నా పాదాలకు తెలిసింది నా ఫారానికి తెలియలేదు.

గురువారం పెద్దాయన ముందు నిలబడి చెప్పాను. తప్పితే చూపించండి అన్న మాట ఆయన నాకు గుర్తు చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

"స్థలాలు పదమూడు గీశాం. రెండు ఇళ్ల మధ్య అయిదేసి అడుగులు వదిలాం. పద్నాలుగోదానికి నేల లేదు మేడమ్‌జీ. పైన రాయి, కింద పొలం" అన్నాడు.

డ్రాఫ్ట్స్‌మన్ అప్పటికే పెన్సిలుతో గీసి తెచ్చాడు. ఇళ్లు విడివిడిగా కాకుండా రెండేసి జంటగా, మధ్య గోడ ఒకటే ఉండేలా. సందులు తగ్గాయి. పద్నాలుగూ పట్టాయి. పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "వీళ్లు మొదటి నుంచీ ఇలాగే ఉన్నారు కదా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు.

శుక్రవారం ఉదయం పదకొండింటికి మళ్లీ బడికి వెళ్లాం. మొదటి గీత గీసి సరిగ్గా మూడు వారాలు. వరండాలో నేల మీద గీతలు చాలా చోట్ల జనం నడకకు మాసిపోయాయి. ఒక్క చోట మాత్రం, పెద్దామె ఇంటికీ చిన్నామె ఇంటికీ మధ్య గీత, పాలు పోసినట్టు తెల్లగా, లావుగా ఉంది. పూత మీద పూత వేసినట్టు. చిన్నామె గీతల్లో ఇన్ని రోజులూ ఎవరూ పడుకోలేదట. వాన చినుకులు పడే చోట ముడుచుకుని పడుకున్నారు కానీ, అందులోకి వెళ్లలేదట.

ఇప్పుడు అందులో చిన్నామె కూర్చుని ఉంది. నాకు సంతోషం కలిగింది. కాగితం తీస్తూ, పెద్దామె ఏదని అడిగాను.

కోడలు చెప్పింది. "సోమవారం పొద్దున పోయింది మేడమ్. ఆయాసం. చిన్నత్తకి కబురు పంపితే మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికే అయిపోయింది."

ఇంకా చెప్పింది. పాత ఇంట్లో పెద్దామెకు ఆయాసం ఎక్కువైతే గోడను రెండుసార్లు తట్టేదట. అటు నుంచి చిన్నామె వేడినీళ్లు తెచ్చి వీపు రాసేది. ఏళ్ల తరబడి అంతే. కోడలు పక్కనే ఉన్నా ఆ చేతికే అలవాటు. బడికి వచ్చాక, చిన్నామె బీర్‌గావ్ వెళ్లిపోయాక, పెద్దామె ఆయాసం వచ్చినప్పుడల్లా నేల మీది గీతను తట్టేదట. గీత మాసిపోతే మళ్లీ ఛుహీ కలిపి పూసేది. ముందు తన వైపు నుంచి, తర్వాత చుట్టూ తిరిగి వెళ్లి, గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, అటువైపు నుంచి. "అటుది తను పూయాలి, లేదు కదా, అందుకని" అనేదట.

నేను చిన్నామె గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్లలేదు.

"నీ పేరు జాబితాలో చేర్చాం. ఇల్లు వస్తుంది" అన్నాను.

"గోడ నీకు ఎప్పుడు కనిపించింది దీదీ?"

"మొన్న."

"అక్కకి సోమవారం దాకా కనిపిస్తూనే ఉంది."

"తప్పు నాది" అన్నాను.

"మా తమ్ముడు చెప్పాడు, కాగితం లేకపోతే అంతేనని."

"కాగితం కాదు. లెక్క తప్పింది. లెక్క నేను వేశాను."

ఆమె నన్ను ఆశ్చర్యంగా చూసింది. ఆఫీసు వాళ్ల నోటి నుంచి ఆ మాట ఎప్పుడూ వినలేదనుకుంటాను. నేనూ అనలేదు, అప్పటిదాకా. తర్వాత అడిగింది. "కొత్త ఇల్లు ఎక్కడ?"

డ్రాఫ్ట్స్‌మన్ కాగితం పరిచి, వేలితో చూపించాడు. పెద్దామె కొడుకు ఇల్లు, పక్కనే ఆమెది, మధ్యలో ఒకటే గోడ. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి, ఇటు చివర నుంచి అటు చివరకు జరిపింది.

"ఇటుకలతో కడతారా?"

"హవ్. తొమ్మిది అంగుళాలు."

"పల్చన. తడితే బాగా వినిపిస్తుంది" అంది. తర్వాత తలుపు వైపు తిరిగి, కోడల్ని పిలిచి, కట్టెలు తడవకుండా లోపల పెట్టమంది.

హోలీ నాటికి ఇళ్లు పూర్తయ్యాయి. నేను వెళ్లి పద్నాలుగు ఇళ్లూ కొలిచాను. గోడలు ఒక్కసారే కొలిచాను. ఆమె ఇంటి లోపలి గోడకు సగం ఎత్తు దాకా ఛుహీ పూసి ఉంది. టీ ఇచ్చింది. అటువైపు కోడలు వంట చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తిరిగి వచ్చాక నా ఫారం మార్చాను. ఎడమ గోడ, కుడి గోడ గడులు తీసేసి, "ఈ గోడ ఇంకెవరిది?" అని ఒక ప్రశ్న పెట్టాను. ఆ తర్వాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. ప్రతి ఊళ్లోనూ ఆ ప్రశ్న నేనే అడిగేదాన్ని, ఎవరికీ వదిలిపెట్టలేదు. మా డ్రాఫ్ట్స్‌మన్ నేను ఏ ఫైలు ఇచ్చినా "గోడలు సూసినావా అప్పా?" అనేవాడు. పరిహాసానికే. రిటైరైన రోజు పూలదండ వేస్తూ కూడా అన్నాడు.

బడి నేల కడిగించారు, రెండుసార్లు గట్టిగా రుద్దించారు కూడా. అయినా వానాకాలంలో నేల చెమ్మగిల్లితే గీతలు పైకి తేలుతాయని హెడ్‌మాస్టర్ ఒకసారి చెప్పాడు. పిల్లలు ఆ ఇళ్లలో కూర్చుని ఎక్కాలు చదువుతారట. నిజమో కాదో నేను వెళ్లి చూడలేదు. నిద్రలో మాత్రం ఆ గల్లీలో నడుస్తుంటాను. పాలనీళ్ల వెలుతురు, సన్న వాన, ఇంటింటి దగ్గరా "రా దీదీ, కూర్చో". నేను ఒక్కొక్క గీత దాటుతూ లెక్కపెడుతుంటాను. ఏడో ఎనిమిదో లెక్కపెట్టాక, పక్క నుంచి ఎవరో నోనీ అంటారు. లెక్క పోతుంది. మళ్లీ పంపు గట్టు నుంచి మొదలుపెడతాను.

పోయినవి ఇవి. ఇళ్లు పద్నాలుగు. దూడలతో కలిపి పశువులు ఇరవై మూడు. ధాన్యం కొట్లు పదకొండు. నాగళ్లు ఆరు. చిన్న తోడికోడలికి అక్క పక్కన ఉండవలసిన రోజులు పదమూడు. నీళ్లలో మనుషులెవరూ పోలేదు. నీళ్లు తగ్గాక, ఒకరు.